చెప్పుల దగ్గర నిలబడ్డ మేస్త్రి

రాళ్ళరేవులో చూడదగ్గ పాత కట్టడాలు నాలుగున్నాయి. మూడింటిని తాపీ మేస్త్రి జ్ఞానానందం దగ్గరుండి చూపించేవాడు. నాలుగోదాని దగ్గర చూడ్డానికి వచ్చినవాళ్ళ చెప్పులకు కాపలా కాసేవాడు.

పన్నెండేళ్ళపాటు ఇదే వరస. ఆమదాలవలసలో రైలు దిగి ఆటో ఎక్కి, నాగావళి గట్టు వెంట అరగంట వస్తే రాళ్ళరేవు. అక్కడి హైస్కూలు సోషల్ మాస్టారు గంగరాజు ఏటా పిల్లల్ని ఊరు చూపించడానికి బయలుదేరదీసేవాడు. పుస్తకంలో లేని సంగతులు మేస్త్రికి తెలుసని ఆయన్ని వెంట పెట్టుకునేవాడు. రాను రాను చుట్టుపక్కల బడులవాళ్ళు, కాలేజీలవాళ్ళు కూడా జ్ఞానానందం ఇల్లెక్కడని అడుగుతూ రావడం మొదలుపెట్టారు.

ముందు రాతిమెట్ల రేవు. ఒకప్పుడు ధాన్యం పడవలు కట్టేసిన తాళ్ళు ఒరుసుకుని రాతిలో గాడులు పడ్డాయి. ఆ గాడుల్లో పిల్లల చేత వేళ్ళు పెట్టించేవాడు.

"సూడండి, ఎంత లోతున్నాదో. తాడు రాయిని తినేసింది. మరా తాడు లాగినోళ్ళ సేతులెలగుండేవో మీరే అనుకోండి."

తరువాత బాప్టిస్టు చర్చి. అది తన చర్చే. గంట తాడు ఒక్కొక్కరి చేత ఒక్కసారి లాగించి, "పాస్టరు గారొచ్చీలోగా పరిగెట్టండి!" అని తనే ముందు పరిగెత్తేవాడు. మూడోది ఉప్పు కచేరీ, దొరల కాలంలో ఉప్పు నిలవ చేసిన కొట్టు. కప్పు ఎప్పుడో పోయింది, గోడలు మిగిలాయి. "నమ్మకపోతే నాలిక పెట్టి సూడండి. గోడింకా ఉప్పగానే ఉంటాది" అనేవాడు. పిల్లల్ని వద్దు వద్దని కోప్పడిన మాస్టార్లే, ఎవరూ చూడకుండా ఒకసారి నాకి చూసేవారు.

నాలుగోది సత్రం. ధర్మకర్త జగన్నాధం ముత్తాత కట్టించింది. శ్రీకూర్మానికి నడిచి వెళ్ళే యాత్రికులు ఒక పూట తిని, నడుం వాల్చి పోవడానికని కట్టించి, వాకిలి పైన రాతి మీద "దారిన పోవు వారందరికీ" అని చెక్కించాడు. ఆ అందరిలో నది దిగువన పేటలో ఉండేవాళ్ళు లేరు. జ్ఞానానందం ఆ పేటవాడు.

సత్రంలో అన్నం పెట్టడం మానేసి యాభై ఏళ్ళయింది. లోపల దేవుడు లేడు, పూజ లేదు, పొయ్యి లేదు. గబ్బిలాలున్నాయి. జానెడు ఎత్తు రాతి గడప మాత్రం అలాగే ఉంది. జగన్నాధం మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి తీసి, వాకిలి తెరిచి, పిల్లల్ని లోపలికి పంపించి, గడపలో నిలబడి అనేవాడు.

"ఒరే జ్ఞానం, నువ్విక్కడుండి సెప్పులు సూడు. కుక్కలెత్తుకుపోతన్నాయి."

"అలగే బాబూ."

తిట్టలేదు. పొమ్మనలేదు. రావద్దని కూడా అనలేదు. నలభై జతల చెప్పులు అప్పజెప్పాడు, అంతే. దీన్ని ఏ కాగితం మీద ఏమని రాసి ఎవరికి చెప్పుకోవాలి? జ్ఞానానందం చెప్పుకోలేదు. చెప్పుల పక్కన గొంతుక్కూర్చుని, కుక్కల్ని అదిలిస్తూ, లోపలి నుంచి వచ్చే పిల్లల కేకలు వినేవాడు.

విచిత్రం ఏమిటంటే ఆ సత్రం మిద్దె వేసింది ఆయన తండ్రి పాల్ మేస్త్రి. పాతది కారిపోతుంటే, గానుగలో ఆడించిన సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి, కొత్త మిద్దె పోసి, దిమ్మిసతో కొట్టి గట్టిపరిచాడు. అప్పుడు జ్ఞానానందానికి పదిహేనేళ్ళు. తండ్రి తరువాత ముప్పయ్యేళ్ళుగా మరమ్మతులన్నీ జ్ఞానానందమే చేశాడు. నిచ్చెన ఎప్పుడూ వెనక గోడకు బయటి నుంచే. సున్నం బొచ్చెలు తాడుతో పైకి లాక్కునేవాళ్ళు. మిద్దె ఎక్కడానికి రాని అడ్డు గడప దాటడానికి వచ్చింది.

కాబట్టి సత్రం లోపల ఎలా ఉంటుందో జ్ఞానానందానికి పైనుంచి తెలుసు. మధ్యలో మండువా ఆకాశానికి తెరిచి ఉంటుంది. దాని అంచున బోర్లా పడుకుని కిందికి చూసి చూసి ప్రతి రాయీ గుర్తు పెట్టుకున్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళకు గడప బయటే అంతా చెప్పేసి పంపేవాడు.

"లోపలికెల్లగానే ఎడంపక్క నుయ్యి. నూతి పక్క స్తంభం కింద రాతి తాబేలుంటాది. శ్రీకూర్మం పోయినోళ్ళు సూస్తారని సెక్కించుంటారు. దాన్ని సూడకుండా రాకండి."

పిల్లలు వెళ్ళి చూసేవారు. సున్నం మీద సున్నం పడి గుండ్రంగా ఉబ్బిన రాయి, నిజమే, తాబేలు డిప్పలాగే ఉండేది. ఒకసారి ఒక పిల్ల బయటికొచ్చి అడిగింది.

"మరి దానికి తలేది తాతా?"

"మిమ్మల్ని సూసి ముడిసేసుకున్నాదమ్మా."

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళింది. సత్రం గోడల మీద మూడు చోట్ల చీలికలు కనిపించాయి. జగన్నాధం కంగారు పడి మేస్త్రిని పిలిపించాడు. అంతకు కొన్నేళ్ళ ముందు, ఎవరో కాంట్రాక్టరు చెప్పాడని ఆ పాత సున్నపు గోడల మీద సిమెంటు పూత వేయించాడాయన. వద్దు బాబూ, సున్నం గోడకి గాలాడాల అని జ్ఞానానందం చెబితే వినలేదు. ఇప్పుడు చీలింది సిమెంటా, గోడా అన్నది తేలాలి.

తండ్రి నేర్పిన పద్ధతొకటి జ్ఞానానందానికి తెలుసు. చీలిక మీద, అటూ ఇటూ పట్టుకునేటట్టు, అరచేతి వెడల్పున సున్నం పట్టీ పల్చగా వేస్తారు. పచ్చిగా ఉండగానే మేకుతో తారీకు గీస్తారు. ఇక దాని జోలికి పోరు. గోడ ఎప్పుడైనా వెంట్రుకవాసి కదిలిందా, పల్చటి పట్టీ ఠపీమని పగులుతుంది. పగలలేదంటే గోడ కదలలేదన్నమాట. చీలిక దగ్గర సిమెంటు గీకేసి, బయటి గోడకు రెండు పట్టీలు వేశాడు. మూడో చీలిక మండువా వైపు, లోపలి గోడకు పైభాగాన ఉంది. నడుముకు తాడు కట్టుకుని, మిద్దె అంచున బోర్లా పడుకుని, తల కిందికి వేలాడదీసి దానికీ వేశాడు. కింద నిలబడి తాడు పట్టుకున్నది ఎవరూ లేరు. తాడు రెండో కొస సత్రం పక్కనున్న చెట్టుకు కట్టాడు.

నాలుగేళ్ళు గడిచాయి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చింది.

చెట్టు విరిగి సత్రం అరుగు మీద పడింది. మిద్దె అంచు ఒక బారు ఊడిపోయింది. సిమెంటు పూత పెళ్ళలు పెళ్ళలుగా రాలి, మిగిలినచోట నెరెలు విచ్చింది. నెల తిరక్కుండా ఒక ఆఫీసు నుంచి జీపులో ఇద్దరు వచ్చారు. నాలుగు ఫోటోలు తీసుకుని వెళ్ళారు. తరువాత వాకిలికి కాగితం అంటించారు. కట్టడం శిథిలమైందనీ, ప్రాణాపాయమనీ, కూల్చివేయడం జరుగుతుందనీ. బడిపిల్లల రాకపోకలు ఆగిపోయాయి.

ఆ కాగితం గంగరాజు మాస్టారు చదివి వినిపించిన రోజు, జ్ఞానానందం ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు.

"సత్రం కూల్సెత్తారట అన్నమ్మా."

అన్నమ్మ చర్చి మహిళా సంఘంలో అందరి నోళ్ళూ మూయించే మనిషి. "కూల్సనీ. సెప్పుల కాపలా తప్పుతాది నీకు" అంది.

"అది మా నాన్న ఏసిన మిద్దె."

"మీ నాన్న ఏసేడు. దాని కింద ఒక్క దినం కూకున్నాడా? నువ్వు కూకున్నావా? లోపలేటున్నాదో సెప్పమంటే కాకి సెప్పినట్టు పైనుంచి సెప్తావు."

"అందుకే కూలకూడదంతన్నాను." జ్ఞానానందం కంచం ముందు నుంచి లేవబోయాడు. "నాకరవై దగ్గరపడతన్నాయి. ఒక్కపాలి కింద నిలబడి పైకి సూడాల. మా నాన్న మిద్దె కిందనుంచి ఎలగుంటాదో సూడాల. అది పోతే మరింకేటి సూస్తాను?"

అన్నమ్మ పులుసు గిన్నె దగ్గరికి జరిపి, "ముందు తిను. తిని మాస్టారి కాడికెల్లు. నువ్వేసిన పట్టీల సంగతి కాగితం మీద రాయించు. నోరు మూసుకుని కూకుంటే ఎవులికి తెలుస్తాది?" అంది.

మాస్టారు రాశాడు. సత్రం గోడల మీద 2014లో మూడు సున్నం పట్టీలు వేసి ఉన్నాయని, కూల్చేముందు వాటిని చూడమని, కింద తాపీ మేస్త్రి జ్ఞానానందం సంతకం. ఒకసారి కాదు, మూడుసార్లు పంపారు. మూడో దానికి కదలిక వచ్చింది.

2019 ఫిబ్రవరిలో ఒక పొద్దున్న అసిస్టెంటు ఇంజినీరు ధనలక్ష్మి స్కూటీ మీద వచ్చి సత్రం ముందు దిగింది. ముప్పయ్యేళ్ళుంటాయేమో. ఆమదాలవలస పిల్లే. చేతిలో ఆ ఉత్తరం.

"జ్ఞానానందం గారెవరండీ?"

ఆ పేరు చివర గారు తగిలేసరికి జగన్నాధం ఇంకెవరో వచ్చారనుకుని అటూ ఇటూ చూశాడు. అన్నమ్మ నవ్వు ఆపుకుంది. నిచ్చెన ఒక కొస ఆవిడ భుజం మీద, రెండో కొస మేస్త్రి భుజం మీద ఉన్నాయి.

జ్ఞానానందం వెదురు కర్రతో బయటి గోడ మీద తట్టుకుంటూ పోయాడు. సిమెంటున్నచోట డొల్ల శబ్దం. చేతిలోని తాపీ, కర్ణీ, దాని మొన దూర్చి ఒక పెళ్ళ లేపాడు. కింద పాత సున్నం, కోడిగుడ్డు పెంకులా నున్నగా, ఎక్కడా గీత లేకుండా బయటపడింది.

"సొక్కా సిరిగిపోయింది మేడం. ఒళ్ళు బాగానే ఉన్నాది."

"ఒంటికి దెబ్బ తగల్లేదని నేనెలా రాయాలండీ?"

నిచ్చెన వేసి మొదటి పట్టీ చూపించాడు. 19-10-2014. పగల్లేదు. రెండోది చూపించాడు. పగల్లేదు. ధనలక్ష్మి ఫోటోలు తీసుకుంది కానీ ముఖంలో నమ్మకం పూర్తిగా రాలేదు.

"బయట సరే. కూల్చమన్న రిపోర్టు రాసింది లోపలి గోడ చీలిక చూసి. మండువా వైపుది."

"దాని మీద కూడా ఏసేను మేడం. మిద్దె మీద బోర్లా తొంగుని ఏసేను."

"మిద్దె మీంచా? లోపల నిచ్చెన వేసుకుంటే సరిపోయేది కదా?"

జగన్నాధం తాళం తీయడంలో మునిగిపోయాడు.

ఈసారి మిద్దె ఎక్కే వీలు లేదు. అంచు ఊడి ఉంది. చూడాలంటే లోపలి నుంచే. ధనలక్ష్మి గడప దాటి లోపలికి వెళ్ళి, వెనక ఎవరూ రాకపోయేసరికి తిరిగి చూసింది.

"రండి మేస్త్రి గారూ. ఎక్కడో చూపించండి."

"మీరెల్లండి మేడం. నానిక్కడుంటాను. సెప్పులు..." అన్నాడు జ్ఞానానందం. అలవాటుగా నోటి నుంచి వచ్చేసింది.

ధనలక్ష్మి తన కాళ్ళకేసి చూసుకుంది. "నేను బూట్లు విప్పలేదండీ."

జ్ఞానానందం గడప ఇవతలే నిలబడ్డాడు. ఆ అమ్మాయికి అర్థమైంది. జగన్నాధం వైపు తిరిగింది. ఆయన చేతులు తిప్పాడు. "ఎవులొద్దన్నారమ్మా? ఆడే ఎప్పుడూ రాడు."

అన్నమ్మ నిచ్చెన కింద పెట్టింది.

"రమ్మని ఎవులన్నారు బాబూ? ముప్పయ్యేళ్ళలో ఒక్కపాలన్నావా? సెప్పులు సూడమన్నావు. సూసేడు. నీ సత్రం మిద్దె కోసం సెట్టుకి తాడు కట్టుకుని ఏలాడేడు. ఆడు పడి సస్తే ఎవులొద్దన్నారని సెప్పుదువు?"

జగన్నాధం ముఖం కందగడ్డలా అయింది. డెబ్బయ్యేళ్ళ మనిషి. ఆ ఊళ్ళో ఆయనతో అలా మాట్లాడినవాళ్ళు లేరు. వాకిలికి అంటించిన కాగితం ఆయన భుజం పక్కనే గాలికి రెపరెపలాడుతోంది. దానికేసి చూశాడు, గోడకేసి చూశాడు. గడపలోంచి పక్కకు తప్పుకున్నాడు.

"రారా జ్ఞానం. మా ముత్తాత కట్టింది పోతన్నాదిరా. రా లోపలికి."

పిలిచింది తప్పు తెలుసుకుని కాదు, సత్రం పోతుందని. ఉన్నమాట చెప్పుకోవాలి. అయినా పిలిచాడు.

జ్ఞానానందం చెప్పులు విప్పబోయాడు. "తొడుక్కునే ఎల్లు, లోపలంతా గబ్బిలాల పెంట" అని వెనక నుంచి అన్నమ్మ. అయినా విప్పాడు. గడప మీద అడుగు వేసి, అవతల దించాడు.

నిచ్చెన తెమ్మని ధనలక్ష్మి పిలుస్తున్నా ముందు తల పైకెత్తాడు. పైనుంచి నుయ్యిలా కనిపించే మండువా, కిందనుంచి ఇంత ఆకాశం చూపిస్తుందని అనుకోలేదు. నాలుగు వైపులా తండ్రి వేసిన మిద్దె అడుగుభాగం. పైనుంచే దూలాల సందుల్లో చెయ్యి దూర్చి మెత్తిన సున్నంలో ఇంకా పాల్ మేస్త్రి చేతివేళ్ళ చారలున్నాయి. ఇవి పైనున్నవాడికి ఏనాటికీ కనిపించవు.

నిచ్చెన లోపలికి తెచ్చి ఎక్కాడు. మూడో పట్టీ కనపడలేదు. నాలుగేళ్ళ బూజు, గబ్బిలాల రెట్ట పేరుకుపోయాయి. తుండుగుడ్డ తడిపి మెల్లగా తుడవడం మొదలుపెట్టాడు. ఇది పగిలి ఉంటే రాసిన ఉత్తరాలన్నీ వృథా. సత్రం కూలుతుంది, తను లోపలికి వచ్చిన మొదటి రోజే ఆఖరి రోజవుతుంది. ముందు ఒక అంకె బయటపడింది. తరువాత తారీకు అంతా. పట్టీ మీద ఈ కొస నుంచి ఆ కొసకు చూపుడువేలు నడిపించాడు. మళ్ళీ వెనక్కి నడిపించాడు. దిగి ధనలక్ష్మిని ఎక్కమన్నాడు. ఆమె ఫోను లైటు వేసి దగ్గరగా, చాలాసేపు చూసింది.

"వెంట్రుక గీత కూడా లేదండీ" అంది. "హుద్‌హుద్ తరువాత ఈ గోడ కదల్లేదు. తిత్లీకి కూడా కదల్లేదు."

"ఏటైందీ?" బయటి నుంచి అన్నమ్మ కేక.

"నిలబడ్డాదే! నిలబడ్డాది!"

అన్నమ్మ కూడా గడప దాటి వచ్చేసింది. ఎవరినీ అడగలేదు. జగన్నాధం గోడకు చేరగిలబడి, ఉత్తరీయంతో ముఖం తుడుచుకుంటూ, "అమ్మయ్య" అని మూడుసార్లు అన్నాడు.

జ్ఞానానందం నూతి పక్కన కూలబడ్డాడు. ఊతకు తాబేలు మీద చెయ్యి వేశాడు. వేళ్ళకు ఏదో తగిలింది. పాత సున్నం పెచ్చు ఊడింది. దాని కింద చెవి ఉంది.

తాబేలుకు చెవేమిటి?

కర్ణీ మొనతో జాగ్రత్తగా గీకాడు. చెవి, దవడ, తలకు చుట్టిన గుడ్డ. మోకాళ్ళ మీద వంగి, తల దించుకుని, వీపు మీద స్తంభం మోస్తున్న మనిషి. పైనుంచి చూస్తే వీపే కనిపిస్తుంది. జ్ఞానానందం నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళల్లో నీళ్ళు వస్తున్నా నవ్వు ఆగలేదు.

"పన్నెండేళ్ళు అబద్ధం సెప్పేన్రా నాయనా! ఎంతమంది పిల్లలికి సెప్పేనో! ఇది తాబేలు కాదు మేడం, మనిసి. మా పనోడు!"

జగన్నాధం వచ్చి, నడుం పట్టుకుని వంగి చూశాడు. "నాను పుట్టిన్నుంచీ లోపలే తిరిగేన్రా. నాకూ తాబేలేరా."

ధనలక్ష్మి తన రిపోర్టులో గోడలు దృఢంగా ఉన్నాయని, సిమెంటు పూత తీసేసి సున్నంతో మళ్ళీ పూయాలని రాసింది. ఏప్రిల్‌లో కూల్చివేత కాగితం రద్దయింది. ఎండాకాలమంతా జ్ఞానానందం, పేటలోని మరో నలుగురు పని చేశారు. నిచ్చెన లోపలే వేసుకున్నారు. మధ్యాహ్నం మండువా నీడలో కూర్చుని అన్నాలు తిన్నారు. ఆ సత్రంలో యాభై ఏళ్ళ తరువాత ఎవరైనా తిన్న అన్నం అదే.

జులైలో గంగరాజు మాస్టారు మళ్ళీ పిల్లల్ని తీసుకొచ్చాడు. రేవు, చర్చి, ఉప్పు గోడ అయ్యాక సత్రం ముందు నలభై జతల చెప్పులు పడ్డాయి. పిల్లలతో పాటు జ్ఞానానందం గడప దాటాడు. జగన్నాధం తాళంచెవి పట్టుకుని బయట నిలబడ్డాడు.

"సెప్పులెవులు సూస్తారు మరి?"

"తాళంసెవి నీ కాడే ఉన్నాది కదా బాబూ. అయ్యి కూడా నువ్వే సూడు" అని అన్నమ్మ కూడా లోపలికి వెళ్ళిపోయింది.

కాసేపటికి బయటి నుంచి "ఏయ్! ఏయ్! వదుల్రా దాన్ని!" అని ముసలాయన కేకలు వినిపించాయి. కుక్క ఎవరిదో చెప్పు ఎత్తుకుపోతోంది. పిల్లలు విరగబడి నవ్వారు. జ్ఞానానందం మాత్రం నవ్వలేదు. నూతి దగ్గర కూర్చుని, మోకాళ్ళ మీద వంగిన రాతి మనిషి ముఖం పిల్లలకు చూపిస్తున్నాడు.

అన్నీ సర్దుకున్నాయని అనుకోకండి. జగన్నాధం ఇప్పటికీ ఒరే అనే పిలుస్తాడు. సత్రం ముందు పెట్టిన కొత్త బోర్డు మీద కట్టించినాయన పేరుంది, మరమ్మతు చేయించిన ఆఫీసు పేరుంది. మిద్దె వేసిన పాల్ పేరు లేదు, గోడ నిలబెట్టిన జ్ఞానానందం పేరు లేదు. ఆ రెండు పేర్లూ చేర్చమని గంగరాజు మాస్టారు రాసిన అర్జీ చర్చి గుమ్మం పక్క బల్ల మీద ఉంది. రాళ్ళరేవు వచ్చినవాళ్ళు దాని మీద సంతకం పెట్టి వెళ్ళండి.

రాలేనివాళ్ళు మీ ఊళ్ళోనే చెయ్యండి. పాత కట్టడానికి కూల్చివేత కాగితం అంటిస్తే, దాన్ని కట్టిన చేతులు, బాగుచేసిన చేతులు ఏ పేటలో ఉన్నాయో వెతికి, ముందు వాళ్ళని పిలిచి చూపించమని ఆఫీసుకు రాయండి. మూడుసార్లు రాయాల్సొస్తే మూడుసార్లు రాయండి. ఇక ఏ పాత చోటు చూడ్డానికి వెళ్ళినా, చెప్పులు విప్పేటప్పుడు ఆ చెప్పుల దగ్గర ఎవరు ఆగిపోయారో చూడండి. పేరు అడిగి, లోపలికి రమ్మనండి. రాకపోతే ఎందుకు రారో, తాళంచెవి ఉన్నవాళ్ళని అడగండి.